మెడ దగ్గరి అతుకు

"సుద్దముక్క పట్టే చేతికి వెల్డింగ్ ఎందుకు మాస్టారూ? ఇది బండి ఫ్రేమా, బట్టలారేసుకునే స్టాండా?" అన్నాడు మాస్టారి భార్య అన్నయ్య, గ్యారేజీలోకి వస్తూనే. అతను వెల్డరు. ఇరవై ఏళ్లుగా గేట్లూ రెయిలింగులూ చేస్తున్నాడు.

మాస్టారు రెండేళ్ల సెలవులన్నీ పోసి ఆ మోటారుసైకిల్ ఫ్రేము కట్టుకున్నాడు. అది అన్నయ్య సుత్తికి ఆగితేనే ఇంజను బిగించాలనీ, లేదంటే పాత ఇనుము కొట్టుకు పంపాలనీ భార్య షరతు పెట్టింది.

వెల్డరు ఒక్కో అతుకునూ బలంగా కొట్టాడు. అన్నీ ఖంగుమన్నాయి. మోగినకొద్దీ అతని మొహం మాడింది. చివరికి హ్యాండిల్ కింద మెడ దగ్గర కొడితే అతుకు పెటుక్కున విచ్చుకుంది.

"చూశావా చెల్లీ, నీ మొగుడి పనితనం! రోడ్డు మీద ఊడితే నీ గతేంటి?" అని పగలబడి నవ్వాడు.

"అది మీరు వేసిందే బావా" అన్నాడు మాస్టారు. "పోయిన నెల నేను వేసింది ఉమ్మితే ఊడుతుందని కోసేశారు. చూసి నేర్చుకోమని మీరే మళ్లీ వేశారు."

వెల్డరు వంగి చూశాడు. లోపల ఇనుము కరగనే లేదు. పైపైన మాత్రం అందంగా అంటుకుంది.

"ఆ రోజు కరెంటు తక్కువుందేమో" అన్నాడు.

చెల్లెలు వినడం లేదు. వాకిట్లోకి పరుగెత్తి మేడ వైపు తలెత్తింది. అక్కడ మాస్టారి తల్లి, వెల్డరు చేసిన రెయిలింగుకు ఆనుకుని కిందికి తొంగిచూస్తోంది.

"అత్తయ్యా, వెనక్కి జరగండి!"