మూత దగ్గరి అయస్కాంతం

మా బిస్కెట్ ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషనుకు ఒక మంచి గుణం ఉంది. మూత తెరిస్తే ఆగిపోతుంది. మా సూపర్‌వైజరుకు ఆ గుణం నచ్చలేదు. పని సాగడం లేదని, మూత మూసే ఉందని మిషను నమ్మేలా మూత స్విచ్చుకు ఒక అయస్కాంతం అతికించాడు. అప్పట్నుంచి మూత తెరిచినా అది తిరుగుతూనే ఉండేది. అలాగే ఒకరోజు నా కుడిచేతి వేళ్ళు రెండు తీసుకుంది.

కట్టు విప్పి పనిలోకి వచ్చిన రాత్రి, అందరూ వెళ్ళాక, ఆయన నన్ను మిషను దగ్గరికి పిలిచాడు. అయస్కాంతం పీకి జేబులో వేసుకున్నాడు.

"రేపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడమ్మా. ఇది నువ్వే పెట్టావని చెప్పు. పోయిన వేళ్ళు ఎలాగూ తిరిగి రావు కదా."

"వేళ్ళే పోయాయి సార్. నోరు పోలేదు."

ఆయన నవ్వబోయాడు. అప్పుడే మిషను కదిలింది. మూత బార్లా తెరిచి ఉంది. గిన్నె ఖాళీగా ఉంది. అయినా తడిపిండిని నములుతున్నట్టు చప్పుడు చేస్తూ మెల్లగా తిరగసాగింది.

ఆయన ఎర్ర బటన్ నొక్కాడు. ఆగలేదు. ప్లగ్గు పీకాడు. వైరు ఆయన చేతిలో వేలాడుతోంది, మిషను తిరుగుతూనే ఉంది.

నాకూ భయమేసింది. కానీ అడుగు వెనక్కి వేయలేదు.

"ఎవరు పెట్టారో దానికే చెప్పండి సార్."

ఆయన మిషను వైపు తిరిగాడు. "నేనే," అని గొణిగాడు.

మిషను ఆగలేదు.

"దానికి వినపడలేదు," అన్నాను. "గట్టిగా చెప్పండి. రేపు ఇన్‌స్పెక్టర్ ముందు ఎలా చెప్తారో, అలా."