ఆగి ఆగి మోగిన గంట

దుత్తలూరు పక్కన ఆ పల్లెలో చర్చి గంట ఆగి ఆగి మోగిందంటే ఎవరో పోయారని అర్థం. ఆ మధ్యాహ్నం అట్లాగే మోగింది.

చేలలో ఉన్నవాళ్లు చేతిలో కొడవళ్లతోనే పరుగెత్తుకొచ్చారు. గంట తాడు లిదియమ్మ చేతిలో ఉంది. ఆమె కొడుకు జోయల్ బైకు మీద నుంచి పడి నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడని ఊరందరికీ తెలుసు. ఆడవాళ్లు ఆమెను చుట్టుకుని గొల్లుమన్నారు.

"ఎప్పుడు పోయినాడమ్మా?" సంఘపెద్ద తలగుడ్డ తీసి అడిగాడు.

"పోలా. బతికే ఉండాడు."

ఏడుపులు ఆగిపోయాయి. సంఘపెద్ద మొహం ఎర్రబడింది.

"బతికుండే బిడ్డకు చావు గంట కొడతావా? దేవుడి గంట చేత అబద్ధమాడిస్తావా?"

"ఏం చేసేది పెద్దయ్యా? బిడ్డకు నెత్తురు కావాలని పొద్దున్నించి ఇల్లిల్లూ తిరిగినా. అందరూ 'ప్రార్థన చేస్తాంలేమ్మా' అని పనికి పోయినారు. ఈడికొచ్చి మోకాళ్లేసి ఆ ప్రభువునే అడిగినా, వీళ్లను ఎట్ట రప్పించేదని. కళ్లు తెరిస్తే ఎదురుగా ఈ తాడే ఉండాది."

చర్చి ముందు ఆమె పిలిపించుకున్న ఆటో ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది.

లిదియమ్మ తాడు వదిలేసి ఆటో వైపు నడిచింది.

"నా బిడ్డ గుంటలో పిడికెడు మట్టెయ్యాలని పనులొదిలి వచ్చినారు గదా," అంది వెనక్కి తిరిగి. "ఆ చేతులే కావాల. ఎక్కండి."