దిద్దినవారి గడి

గీసిన బొమ్మనిస్తే ఆ వస్తువునే అచ్చుపోసిచ్చే యంత్రం ఇంటింటా ఉండి, తుపాకీ కూడా వంటింట్లోనే తయారయ్యే కాలమది. కాల్పుల్లో పోయినవారి మరణపత్రంలో ఆ తుపాకీ బొమ్మ గీసిందెవరో కూడా రాసేవారు.

భర్త మరణపత్రంలో 'బొమ్మ గీసినవారు' అన్న గడిని డ్రాయింగు టీచరు వకుళ రెండుసార్లు చదివింది. హిమజ, తొమ్మిదో తరగతి. తన విద్యార్థినే.

"లక్ష ఇళ్లలో ఆ పిల్ల తుపాకే మేడమ్," అన్నాడు పత్రం ఇచ్చిన గుమాస్తా. "ఫిర్యాదు చేస్తారా? సంతకం పెడితే చాలు, పిల్లని తీసుకుపోతారు."

ఆ బొమ్మ వకుళకు గుర్తుంది. పిల్ల స్ప్రింగు తప్పుగా గీసింది. అలాగే ఉంటే పేలేది కాదు. తప్పు గీత చూస్తూ ఊరుకోలేక తనే ఎర్రసిరాతో దిద్ది, పదికి తొమ్మిది వేసింది.

"ఇంకో పేరు చేర్చాలి నాయనా. దిద్దింది నేను."

"దిద్దినవాళ్లకి గడి లేదు మేడమ్."

వకుళ సంచిలోంచి స్కేలు తీసి, హిమజ పేరు కింద మెల్లగా ఒక గడి గీసింది.