ఎవరికైనా తట్టేదే

“ఇందులో కొత్తేముంది? ఈ పనిలో ఉన్న ఎవడికైనా ఇట్టే తట్టేదే!” అన్నాడు డగ్లస్ ఫెన్విక్, సాక్షి బోనులో దర్జాగా కోటు సర్దుకుంటూ.

సిడ్నీ కోర్టులో అప్పీలు విచారణ జరుగుతోంది. గనుల్లో ఇనుపరాయి తవ్వే బకెట్లకు మార్నీ ట్రెలోర్ మూడు పొరల పలక తయారుచేసింది. పైన గట్టి ఉక్కు, కింద మెత్తటి ఉక్కు, మధ్యన పల్చగా నికెల్ మిశ్రమం. ఆ ఆలోచన ఎవరికైనా తట్టేదేనని పేటెంటు ఆఫీసు ఆమె దరఖాస్తును కొట్టేసింది. ఇక్కడా ఓడిపోతే ఫెన్విక్ పనిచేసే పెద్ద కంపెనీ రేపే అవే పలకలు చేసి అమ్ముకుంటుంది. పోర్ట్ కెంబ్లాలో మార్నీ కొలిమి ఆరిపోతుంది.

ఆమె లాయరును పెట్టుకోలేదు. తనే లేచింది.

“ఫెన్విక్ గారూ, మధ్యలో నికెల్ ఎందుకు?”

“రెండు ఉక్కులూ విడిపోకుండా. మొండివాళ్ళిద్దరి మధ్య పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు.”

కోర్టులో నవ్వులు. మార్నీ నవ్వలేదు.

“మీ కంపెనీ పలకలు పగిలేవా?”

“అప్పుడప్పుడూ.”

“పగిలితే ఏం చేశారు?”

“మందం పెంచాం.”

“అప్పుడు?”

“పగిలాయి.”

“మరి?”

“ఇంకాస్త పెంచాం.”

“చివరికి?”

“బకెట్టు పైకి లేవలేదు.”

జడ్జి అడైర్ గారు కళ్ళజోడు మీంచి చూశారు. “ఇట్టే తట్టేదైతే మీకెందుకు తట్టలేదయ్యా?”

ఫెన్విక్ మంచినీళ్ళు తాగాడు. “తట్టక కాదండీ... అవసరం పడలేదు.”

“ఈ పేటెంటు సంగతి బయటికి రాకముందు, నికెల్ గురించి మీతో ఎవరైనా అన్నారా?” అడిగింది మార్నీ.

ఫెన్విక్ తన లాయరు వైపు చూశాడు. లాయరు పైకప్పు వైపు చూశాడు.

“ప్రమాణం చేసి ఉన్నారు,” అన్నారు జడ్జి.

“అన్నారు.”

“ఎవరు?”

“అప్పట్లో... మా ఆవిడ.”

“మీరేమన్నారు?”

ఫెన్విక్ గొంతు సవరించుకున్నాడు. “‘ఉక్కు పని తెలిసినవాడెవడికైనా ఇలాంటి ఆలోచన వస్తుందా? నోర్మూసుకుని పడుకో’ అన్నాను.”

జడ్జి కలం కింద పెట్టేశారు. “కేసంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆవిడ చిరునామా చెప్పండి, సాక్ష్యానికి పిలిపిస్తాం.”

“అక్కర్లేదండీ. ఇందాకట్నుంచీ నన్ను నిలబెట్టి కడుగుతున్నది ఆవిడే.”