పూర్తి కాపీ

"మేడం, లాప్‌టాప్ దొంగ వచ్చిందండి" అన్నాడు సెక్యూరిటీ గురువులు, నవ్వు దాచుకోకుండా.

హేమశ్రీ తెర మీంచి చూపు తిప్పలేదు.

తెర మీద రెపో పరీక్ష నడుస్తోంది. పోర్టులో క్రేన్లను నడిపే ప్రోగ్రాము అది. పుట్టిన రోజు నుంచీ దాన్లో ఎవరు ఏం మార్చారో మొత్తం దాచిపెట్టిన కొట్టు ఆ రెపో. కంప్యూటరు ఒక్కో ముక్కనూ తెరిచి, చెడిపోకుండా ఉందా లేదా అని చూస్తోంది.

ఒక్క ముక్క పోయిందని తేలినా క్రేన్ల వాళ్ళు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టరు. సంతకం పడకపోతే హేమశ్రీ టీమంతా ఇంటికే.

"నువ్వే తీసుకోవచ్చుగా. నేనెందుకు?"

"తెలిసినోల్ల సేతికే ఇత్తాదంట మేడం. కుర్సీలోంచి కదల్దు."

హేమశ్రీ విసుక్కుంటూ లేచింది.

రిసెప్షన్‌లో తెల్లచీర కట్టుకున్నావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో లాప్‌టాప్, దాని మీద చుట్ట చుట్టిన ఛార్జరు. చేతిలో భర్త ఐడీ కార్డు.

ఎవాంజలిన్. సుందర్ రాజ్ భార్య.

సుందర్ రాజ్‌ని తీసేశాకే హేమశ్రీ ఆ సీట్లోకి వచ్చింది. ఆయన్ని ఎన్నడూ చూడలేదు. తర్వాత గుండెపోటుతో పోయాడని మాత్రం విన్నది. లాప్‌టాప్ ఇచ్చెయ్యమని కంపెనీ నోటీసు మీద నోటీసు పంపినా ఈవిడ ఇవ్వలేదు. చివరికి పోలీసుల పేరెత్తితే భీమిలిలో బస్సెక్కి వచ్చింది.

"ఇన్నాళ్ళేంటండీ? ఇదేమన్నా మీ ఇంటి సామానా?"

"కాదమ్మా, మీదే. తుడిసేసే ముందు ఓపాలి లోపల సూడమని సెప్పమన్నారు ఆయన. మీ రెపో ఏదో ఉందంట ఇందులో."

"రెపో సర్వర్లో ఉంటుంది. మీ ఇంట్లో ఉండదు."

"నాకేటి తెలుస్తాదమ్మా. దీనికోసం ఎవరో ఒకరు వత్తారు, తెలిసినోల్లయితేనే ఇయ్యమన్నారు. కాయితాలే వచ్చేయి గానీ మనిషెవరూ రాలేదు."

హేమశ్రీకి నవ్వొచ్చింది. పెద్ద పరీక్ష లోపల నడుస్తుంటే ఈవిడ పరీక్షొకటి!

సిస్టం రూమ్ తాతబాబును పిలిచింది.

"ఇప్పుడే ఫార్మాట్ కొట్టెయ్. మళ్ళీ ఈవిడ మనసు మారుతుంది."

"సూడకుండానేటి?" అంది ఎవాంజలిన్.

"కార్డు కూడా ఇవ్వండి."

ఆమె గుప్పిట బిగిసింది.

"ఇది నాను ఉంచుకుంటానమ్మా. దీంతో ఇంకెవరొత్తారు లోపలికి?"

"రూల్ ఒప్పుకోదు."

వెనక్కొచ్చిన కార్డులను కత్తిరించి పారెయ్యడం గురువులు పని. కత్తెర సుందర్ రాజ్ ముఖం మధ్యలోంచి పోయింది. ఎవాంజలిన్ తల పక్కకి తిప్పేసుకుంది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నానికి పరీక్ష పూర్తయింది.

ఒక ముక్క లేదు.

క్రేను బ్రేకులకు సంబంధించిన పాత ముక్క. సర్వర్ మార్చినప్పుడు ఎక్కడో జారిపోయింది. పాత సర్వర్ ఎప్పుడో తుక్కులోకి పోయింది.

"పూర్తి కాపీ ఎవరి మెషీన్లోనైనా ఉందా?" హేమశ్రీ టీమందరినీ అడిగింది.

మొత్తం దింపుకుంటే మెషీన్ నిండిపోతుందని అందరూ కొత్త భాగం మటుకే దింపుకుంటారు.

"గోడౌన్ దగ్గర ఉండేది మేడం" అన్నాడు టీములో పాతవాడైన అనిరుధ్.

"గోడౌనెవరు?"

"సుందర్ రాజ్ గారు. మొత్తం ఒకరి దగ్గరైనా ఉండాలని మెషీన్ నిండా అదే పెట్టుకునేవారు. ఏటి గోడౌనూ, ఈ రోజు ఎన్ని బస్తాలు దిగేయి అని ఏడిపించేవాళ్ళం."

హేమశ్రీ సిస్టం రూముకి పరుగెత్తింది.

తాతబాబు ఖాళీ తెర చూపించాడు.

"మీరే కద మేడం, ఇప్పుడే కొట్టెయ్యమన్నారు."

"వెనక్కి తేలేవా?"

"మన మిషన్లలో ఉన్నదానికంతా తాళముంటాది. తుడిసేత్తే తాళం కూడా పోద్ది. ఇంకెవడి వల్లా కాదు."

నోటీసు మీద రాసి ఉన్న ఎవాంజలిన్ నంబరుకి హేమశ్రీ ఫోన్ చేసింది. అవతల బస్సు హారను, కండక్టరు కేక.

"అమ్మా, నేను హేమశ్రీని. సార్ ఇంకెక్కడైనా కాపీ దాచారా? పెన్ డ్రైవ్ గానీ, డిస్కు గానీ... ఏటైనా ఉందేటమ్మా?"

ఆఫీసు మెట్లెక్కాక ఏనాడూ వాడని సొంతూరి మాట నోట్లోంచి జారిపోయింది.

"లేదమ్మా. మీ మిషన్లోంచి బయటికేటీ తియ్యనివ్వరంట కదా. పెద్ద డిస్కు ఇయ్యండని ఆయన అడిగితే ఆఫీసోల్లు ఇయ్యలేదంట. జాగా సాల్లేదని మా ఫొటోలన్నీ తీసేసి మీది పెట్టేరు."

"ఏం ఫొటోలు?"

"పెల్లి కాడ్నించీ అన్నీనమ్మా. ఆల్బం హుద్‌హుద్ తుపానులో తడిసిపోతే అందులోకే ఎక్కించేరు. నాది బటన్ ఫోను."

తలుపు సందులోంచి గురువులు కౌంటరు, దాని కింద చెత్తబుట్ట కనిపిస్తున్నాయి. పొద్దుటి చెత్త పోయి బుట్టలో కొత్త సంచి వేసి ఉంది.

"ఆదివారం సర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక ఉందమ్మా" అంది ఎవాంజలిన్, ఎవరినీ ఏమీ అనని గొంతుతో. "ఆయన మొకం ఆ కార్డు మీదొక్కటే మిగిలిందని, పెద్దది సేయించి పెడదావని, నాను ఉంచుకుంటానన్నాను."