బ్యాటరీ మళ్ళీ దిగిపోయింది

శివరామయ్య మాస్టారి కారు వరుసగా నాలుగో సాయంత్రం మొరాయించింది.

మేడ మీద వాటాలో కొత్తగా దిగిన కుసుమ బాల్కనీలోంచి అంతా చూస్తూనే ఉంది. గేటు బయట కారు. కారు దగ్గర మాస్టారి కూతురు బిందు. పెళ్ళై రెండు నెలలు కాలేదు, పుట్టింటికి వచ్చి వారం. ఫోన్ చేసిన గంటకల్లా, రోజూ వచ్చే ఆ కుర్రాడు బందరు నుంచి బైక్ మీద వాలిపోయాడు, వెనక సీటుకి ఓ బ్యాటరీ కట్టుకుని. గుడివాడలో మెకానిక్కులే లేనట్టు.

బానెట్ లేచింది. టెర్మినల్స్ మీది తెల్లటి పొడిని వేన్నీళ్ళతో కడిగాడు. బెల్టు నొక్కి చూశాడు. మీటరు బిందు చేతికిచ్చి, ఇంజిన్ ఆగి ఉంటే పన్నెండున్నర వోల్టులు, నడుస్తుంటే పద్నాలుగు చూపించాలని చెప్పాడు. బిందు పదకొండని చదివి, పరీక్ష పాసైనట్టు గెంతింది. చినుకులు మొదలైతే గొడుగు అతనికి పట్టి తను తడిసింది. తెచ్చిన బ్యాటరీకి వైర్లు తగిలించాక కారు స్టార్టయింది. ఛార్జి ఎక్కాలంటూ ఇద్దరూ లోపల కూర్చుని అద్దాలు ఎత్తేసుకున్నారు. ముప్పావుగంట. మధ్యలో మాస్టారే స్వయంగా వచ్చి గారెల ప్లేటు అందించి వెళ్ళారు. పాపం, ఎంత అమాయకుడో.

మధ్యాహ్నం మాస్టారు కునుకు తీస్తుంటే బిందు పిల్లిలా వచ్చి హెడ్‌లైట్లు వేసి పోవడం రెండుసార్లు కుసుమ కళ్ళారా చూసింది. ఈ సంగతి అత్తారింట్లో తెలిస్తే బంగారంలాంటి పిల్ల కాపురం ఏమైపోతుంది?

ఐదో రోజు ఆగలేకపోయింది. మూడు మెట్లు దిగి రెండు ఎక్కి, చివరికి వరండాలో పేపరు చదువుకుంటున్న మాస్టారి ముందు నిలబడింది.

"తప్పుగా అనుకోకండి మాస్టారూ. మీ బ్యాటరీకి ఏ జబ్బూ లేదు. అమ్మాయే లైట్లు వేసి దించేస్తోంది. ఆ అబ్బాయిని రప్పించడానికండి."

మాస్టారు పేపరు దించలేదు.

"తెలుసమ్మా. నిన్న తను మర్చిపోతే నేనే వేశాను."

"మీరా? పెళ్ళైన పిల్లండీ."

గేటు బయట బైక్ ఆగింది. మాస్టారు పేపరు మడిచి, అటు చూసి ముసిముసిగా నవ్వారు.

"ఆషాఢంలో అల్లుడు అత్తగారి గుమ్మం తొక్కకూడదన్నారు గానీ, మావగారి కారు బానెట్ ఎత్తకూడదని ఎవరూ అనలేదుగా."