లాకు తియ్యని మనిషి

ఆఫీసరు సొరుగులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదే. మీ ఆయన సంచిలో దొరికింది," అన్నాడు సత్యశ్రీతో, బర్మీసులో. "మూడు నెలలైంది. లాకు తియ్యమంటే తియ్యడు. ఇందులో తప్పేమీ లేదని తేలితే వదిలేస్తాం. ఇవాళ కూడా తెరుచుకోకపోతే రేపు పెద్ద జైలుకే."

సత్యశ్రీ పక్కన కోటిబాబు ముడుచుకుని కూర్చున్నాడు. ఫోను వైపు చూడలేదు.

అతనూ, ఆమె భర్త లింగరాజూ ఉత్తరాన లషియోలో ఒకే మిల్లులో పనిచేసేవారు. ఊరి మీద బాంబులు పడుతుంటే కట్టుబట్టలతో బయటపడ్డారు. తెలిసిన రోడ్లన్నీ మూసుకుపోయాయి. ఇక ఫోనులో మ్యాపే దిక్కు. ముందు వెళ్ళినవాళ్ళు సైనికుల తనిఖీ గేట్లు ఎక్కడున్నాయో చెబితే అక్కడ ఎర్ర గుర్తు పెట్టుకుని, చుట్టూ తిరిగి, ఆరు రోజులు నడిచారు. ఏడో రోజు రంగూన్ బస్సెక్కారు.

గేటు వస్తోందంటే ఎవరైనా ఫోను ఖాళీ చేసేసుకుంటారు. గేట్ల గుర్తులున్న ఫోను ఎవరిదో వాడు గూఢచారి కిందే లెక్క. కానీ మ్యాపు చెరిపేస్తే ముందుకెళ్ళేదెలా? అందుకే ఉంచేశారు. తీరా మ్యాపులో ఏ గుర్తూ లేనిచోట కొత్త గేటు తగిలింది.

బస్సాగేసరికి లింగరాజు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. కోటిబాబే లేపాడు. సంచులు వెదికి లింగరాజుని దింపేశారు. దిగుతూ అతను కోటిబాబు ముఖంలోకి ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు. "వీడు నీకు తెలుసా?" అని సైనికుడు అడిగితే కోటిబాబు తెలియదన్నాడు.

ఆ సంగతి సత్యశ్రీకి చెప్పుకుని ఏడ్చాడు కూడా.

"నువ్వేటి చేస్తావు అన్నియ్యా! ఎవరి పేనం వాళ్ళకి తీపి కాదేటి?" అంది ఆమె. రంగూన్‌లోని పజుండౌంగ్‌లో తమ ఇంట్లోనే చోటిచ్చింది. రోజూ ముందు అతనికి వడ్డించి, తర్వాత తను తినేది. అతను సగంలోనే లేచిపోయేవాడు.

పేటలో తెలుగువాళ్ళంతా లింగరాజుని మెచ్చుకునేవారు. "ఎంత కొట్టినా లాకు తియ్యనేదట! ఎనకాల వచ్చేవోళ్ళని కాపాడీసినాడు!" అది వినబడితే చాలు, కోటిబాబు వీధిలోకి పోయేవాడు. పోయి దారి తప్పేవాడు. బోటాటౌంగ్ వెళ్ళాల్సినవాడు తామ్వేలో తేలేవాడు. ఫోను కొనుక్కోమంటే మాత్రం వద్దనేవాడు.

"బావ కొత్త ఫోను నేనెప్పుడూ చూడనేదు," అని గొణుక్కుంటూ సత్యశ్రీ ఇప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుంది. తెర మీద తొమ్మిది చుక్కలు. వాటిని కలుపుతూ తన పేరులో మొదటి అక్షరం గీసింది. కాదు. భర్త పేరులోది గీసింది. కాదు.

ఎర్ర గుర్తుల మాట కోటిబాబు ఆమెకి ఇంతవరకూ చెప్పలేదు. లోపలున్నది ఇంటిదారి మ్యాపొక్కటే అనుకుంటోంది పాపం.

"అన్నియ్యా, ఆరు రోజులు పక్కనే నడిచినావు. ఎలా గీస్తాడో నువ్వు సూడనేదా?"

కోటిబాబు గోడ వైపు తిరిగాడు.

"నీకు తెలిస్తే ఎప్పుడో సెప్పుదువులే," అని తనే సర్దుకుని, కళ్ళు తుడుచుకుని ఫోను బల్ల మీద పెట్టేసింది.

ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టడానికి కలం తీశాడు.

కోటిబాబు చెయ్యి చాచి, తెరవైపు చూడకుండానే, మూడేళ్ళుగా రోజూ గీసిన గీతే మరోసారి గీసి, తెరుచుకున్న తన ఫోనుని ఆఫీసరు ముందుకి జరిపాడు.